ఇంకా బంతి లేపుడేనా?

నవంబర్ 18 అనే తారీఖు మీద నాకు పగ ఉంది.

2024 నవంబర్ 18 సాయంత్రం మా హాస్టల్ నుంచి అయిదుగురం గచ్చిబౌలి స్టేడియానికి పోయినం. ఇండియా, మలేషియా ఫ్రెండ్లీ మ్యాచ్. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ పెనాల్టీ బాక్స్ దాటి ముందుకొచ్చాడు. బంతి ఎగిరి అతని తల మీది నుంచి పోయింది. మలేషియా ఆటగాడు పాలో జోసుయే ఖాళీ గోల్‌లోకి మెల్లగా తోసేశాడు. తర్వాత బ్రాండన్ కార్నర్ కొడితే రాహుల్ భేకే తలతో స్కోర్ సమం చేశాడు. 1–1. ఆ తర్వాత మిగిలిన ఆటంతా ఏం చూశామో చెప్పాలంటే కష్టం. మన డిఫెండర్ల దగ్గర బంతి ఉంటే పైకి లేపుడు, వింగ్ మీద ఉంటే గోల్ ముందుకు లేపుడు, అది అవతలివాడి తలకి తగిలి మళ్ళీ మన దగ్గరికే వచ్చుడు. ఆ మ్యాచ్‌తో 2024 సంవత్సరం ముగిసింది. ఆ సంవత్సరంలో మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

సరిగ్గా ఏడాదికి, 2025 నవంబర్ 18న, హాస్టల్ రూమ్‌లో ఒక్క ఫోన్ ముందు ఆరుగురం. ఢాకాలో బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్. 11వ నిమిషంలో మోర్సలిన్ గోల్ కొట్టాడు. మిగిలిన దాదాపు 80 నిమిషాలు మనవాళ్ళు ఆ ఒక్క గోల్ తీర్చలేకపోయారు. 22 ఏళ్ళ తర్వాత బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయాం. ఆ నెల ఫిఫా ర్యాంకింగ్ వచ్చింది: 142. రెండేళ్ళ కింద, 2023 జూలైలో, ఇదే జట్టు 99లో ఉంది.

మా రూమ్మేట్ ఫోన్ ఆపేసి, "వీళ్ళకంటే మన బ్రాంచ్ టీమే నయం కదరా" అన్నాడు. మా బ్రాంచ్ టీమ్ ఎట్లా ఆడుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి నాకు నవ్వు రాలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఓడిపోవడం గురించి కాదు నా ఏడుపు. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం, ఓటములు మనకు కొత్తేం కాదు. నా బాధల్లా ఎట్లా ఓడిపోతున్నామన్నది. మిగతా ప్రపంచం ఫుట్‌బాల్ ఆడే తీరే మారిపోయింది. 1992లో ఒక రూల్ మారింది: తన జట్టువాడు కాలితో కావాలని వెనక్కి ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోవద్దు. అప్పటి నుంచి కీపర్ కూడా కాళ్ళతో ఆడక తప్పని మనిషయ్యాడు. 2019లో ఇంకో రూల్ మారింది: గోల్ కిక్‌ని బాక్స్ లోపలే మనవాడికి ఇవ్వచ్చు. చూడటానికి చిన్న మార్పే. కానీ ఆట మొత్తం అక్కడి నుంచే మొదలవుతోంది. కీపర్ పక్కవాడికి చిన్న పాస్ ఇస్తాడు, అవతలి జట్టు మీదికి ఉరికొస్తుంది, వాళ్ళు ఉరికొచ్చిన చోట వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి మనం పోతాం. బంతి పోగొట్టుకున్నామా, వెనక్కి పరిగెత్తకుండా అక్కడికక్కడే అయిదారు సెకన్లలో గుంపుగా మీదపడి తిరిగి లాక్కుంటాం. ప్రెస్సింగ్ అంటే ఇదే. ఎవరు ఎప్పుడు ఎటు కదలాలో పదకొండు మందికీ ముందే తెలిసి ఉండాలి. మన ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే ఇది సిస్టమ్. ఒక్కడి ప్రతిభ మీద నడిచే బండి కాదు.

మనవాళ్ళు ఏం చేస్తారంటే, పదిమంది వెనక్కి వచ్చి గోడ కడతారు. బంతి దొరికితే పైకి లేపుతారు. ఆ లేపిన బంతి కోసం ముందు ఒక్కడుంటాడు. చాలా ఏళ్ళు ఆ ఒక్కడు సునీల్ ఛెత్రి. అతను 2024 జూన్‌లో కోల్‌కతాలో కువైట్ మ్యాచ్‌తో రిటైరయ్యాడు. 2025 మార్చిలో, నలభై ఏళ్ళ వయసులో, వెనక్కి పిలిపించుకున్నాం. వచ్చీ రాగానే మాల్దీవుల మీద తన 95వ గోల్ కొట్టాడు. ఆయన గొప్పతనానికి దండం పెడతాను. కానీ రిటైరైన తాతని పిలిచి మళ్ళీ నాగలి పట్టించామంటే ఇంట్లో మిగతా మగపిల్లల గురించి ఊళ్ళో ఏమనుకుంటారు?

ఇదంతా చెప్తుంటే మా సీనియర్ ఒకాయన, "మనోళ్ళకి ఫుట్‌బాల్ రక్తంలో లేదు తమ్మీ" అన్నాడు. అక్కడ నాకు మండింది. మనం ఉన్నది ఏ ఊళ్ళో? హైదరాబాద్‌లో. ఈ దేశానికి మోడర్న్ ఫుట్‌బాల్ అంటే ఏంటో నేర్పిన మనిషిది ఈ ఊరే.

సయ్యద్ అబ్దుల్ రహీం. స్కూల్ టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రహీం కోచ్‌గా ఇండియాకి స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఆ చలిలో, మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా దిగారు. యుగోస్లావియా 10–1తో కొట్టింది. ఇప్పటి మన అలవాటు ప్రకారం అయితే కోచ్‌ని తీసేసి, "గాలి బాగాలేదు" అని ఒక ప్రకటన ఇచ్చి పడుకునేవాళ్ళం. అప్పుడు మాత్రం ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాబ్ ఇంకో అడుగు ముందుకేశాడు. అప్పట్లో యూరప్‌ని ఊపేస్తున్న హంగరీ ఆటని గమనించి, సెంటర్ ఫార్వర్డ్‌ని ముందు నిలబెట్టకుండా కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతి తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం ఆస్ట్రేలియాని 4–2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. సెమీఫైనల్‌కి చేరి, చివరికి నాలుగో స్థానం. బ్రెజిల్ 1958లో 4-2-4 పద్ధతితో ప్రపంచ కప్ ఎత్తకముందే రహీం మన జట్టు చేత అది ఆడించాడని ఫుట్‌బాల్ చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. కుర్రాళ్ళకి డ్రిబ్లింగ్ లేని టోర్నమెంట్లు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన టోర్నమెంట్లు పెట్టేవాడట. ఆలోచించండి, ఇవాళ యూరప్ అకాడమీల్లో డబ్బులు పోసి నేర్పేవి ఇలాంటివే.

1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2. తర్వాత థాయిలాండ్‌ని, జపాన్‌ని ఓడించి, సెమీస్‌లో దక్షిణ వియత్నాంని దాటి, సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని రహీం ఫార్వర్డ్‌గా ఆడించాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2–1, స్వర్ణం. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు, యూసుఫ్ ఖాన్ ఉన్నాడు, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఉన్నాడు. తొమ్మిది నెలలకి, 1963 జూన్‌లో, రహీం సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. 2024లో అజయ్ దేవగణ్ 'మైదాన్' సినిమా వచ్చేదాకా మా క్లాసులో సగం మందికి ఆయన పేరే తెలియదు. నాకు కూడా తెలియదు, నిజం ఒప్పుకోవాలి కదా.

జపాన్ సంగతి గుర్తు పెట్టుకోండి. 1962లో మనం 2–0తో ఓడించిన జట్టు అది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో, హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్‌గా, కాంస్యం కోసం ఓడించింది కూడా జపాన్‌నే. వాళ్ళు 1993లో జే-లీగ్ పెట్టుకున్నారు. 1998లో తొలిసారి ప్రపంచ కప్ ఆడారు. 2022 ప్రపంచ కప్‌లో జర్మనీని, స్పెయిన్‌ని ఓడించారు. మనమేమో ఆ రెండు పాత మ్యాచ్‌ల స్కోర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం. నేనూ ఇప్పుడు అదే చేశాను.

సరే, మా ఊరి విషయానికి వస్తాను.

మాది వేల్పూర్. ఆర్మూర్ పక్కన. సంక్రాంతి సెలవులకి ఇంటికి పోతే మా దగ్గర పండగ వాసన పసుపు వాసనే. ఆకు కోసుడు, తవ్వుడు, కొమ్ము, గోళ వేరు చేసుడు, ఉడకబెట్టుడు. ఈసారి నేను పోయేసరికి మా పెదనాన్న కొడుకు మా చేనుకాడ బాయిలర్ పెట్టి ఉన్నాడు. కిరాయికి తిప్పుతాడు. ట్రాక్టర్ మీద వచ్చే స్టీమ్ బాయిలర్, పక్కన డ్రమ్ములు. మా తాత కాలంలో పెద్ద కడాయిలో నీళ్ళు పోసి, కట్టెలు పెట్టి, గంటలకొద్దీ ఉడకబెట్టి, పుల్ల గుచ్చి చూసి దించేవాళ్ళంట. కొంత ఉడికేది, కొంత మాడేది. ఇప్పుడు ఆవిరి పెడితే గంట కూడా పట్టదు, డ్రమ్ము మొత్తం ఒకే తీరుగా ఉడుకుతుంది. విత్తనం కూడా మారింది. తొమ్మిది నెలల పంట వేసేవాళ్ళల్లో కొందరు ఆరు నెలల్లో వచ్చే 'ప్రగతి' రకానికి మారిపోయారు. బెడ్లు చేసి, డ్రిప్ పెట్టి వేస్తున్నారు. మా బాపు అన్నిటికంటే చివర మారాడు. "మా నాయన గిట్లనే జేసిండు" అని రెండేళ్ళు మొండికేసి, పక్క చేనాయన దిగుబడి చూసి, మూడో ఏడు చప్పుడు చేయకుండా డ్రిప్ పైపులు కొనుక్కొచ్చాడు.

మా అన్న గురించి చెప్పాలి. ఆ బాయిలర్ నడిపే మనిషే నాకు ఫుట్‌బాల్ నేర్పింది. ఎడమ కాలు. మా మండలంలో అతన్ని ఉరికి పట్టుకున్నవాడు లేడు. జిల్లా జట్టుకి ఆడాడు. రాష్ట్ర సెలక్షన్స్‌కి రెండుసార్లు పోయాడు. పందొమ్మిదో ఏట ఆపేశాడు. ఎందుకాపేశావని నేను ఎప్పుడూ అడగలేదు. ఇంట్లో పరిస్థితి నాకు తెలుసు కాబట్టి అడగాల్సిన పని లేదనుకున్నా. ఈసారి డ్రమ్ము ఉడికేదాకా కూర్చుని ఫోన్‌లో ఢాకా మ్యాచ్ హైలైట్స్ చూపించాను. రెండు నిమిషాలు చూసి ఫోన్ ఇచ్చేశాడు.

"ఏమన్నా?" అన్నాను.

"ఏమున్నదిరా. మా లెక్కనే ఆడుతున్నరు."

"అంటే?"

"మేం మస్తు ఉరికినం. ఎటు ఉరకాల్నో ఎవలూ జెప్పలే."

తర్వాత అతనే లెక్క చెప్పాడు. అండర్-17లో ఏడాదికి మొత్తం ఆరు మ్యాచ్‌లు ఆడాడట. అందులో నాలుగు ఒకే టోర్నమెంట్‌లో, నాలుగు రోజుల్లో. మిగతా ఏడాదంతా ప్రాక్టీస్ అంటే గ్రౌండ్ చుట్టూ పరుగు, తర్వాత రెండు జట్లు చేసి ఆట. ఒక సార్ ఉండేవాడు, మంచోడే, వాలీబాల్‌కీ ఆయనే, కబడ్డీకీ ఆయనే. "గట్టిగ కొట్టు" అనేవాడు, కొట్టేవాళ్ళం. అంతే. "బంతి రాకముందే వెనక చూసుకోవాలె అని నాకు ఇరవై అయిదేండ్లకి యూట్యూబ్‌ల తెలిసింది" అని నవ్వాడు. నాకైతే నవ్వు రాలేదు. బాయిలర్ ఈల వేస్తే లేచిపోయాడు.

మన జాతీయ జట్టు ఎందుకు ఇట్లా ఆడుతుందనే ప్రశ్నకి టీవీ చర్చల్లో దొరకని జవాబు నాకు అక్కడ దొరికింది. మనం ప్రతిసారీ కోచ్‌ని పట్టుకుని వేలాడతాం. ఇగోర్ స్టిమాచ్ 2019లో వచ్చి పాస్‌లతో ఆడిస్తానన్నాడు. 2023లో వరసగా కప్పులు గెలిస్తే దేవుడన్నాం. 2024 జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా చేతుల్లో ఓడి, మూడు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా కొట్టకపోతే దయ్యమన్నాం. మార్చిలో గువాహటిలో, సగం మంది ఆటగాళ్ళు బహిష్కరించిన ఆఫ్ఘనిస్తాన్ జట్టు చేతిలో 1–2తో ఓడాం. జూన్‌లో అతన్ని తీసేశాం. తర్వాత మనోలో మార్కెజ్. ఈయన్ని తక్కువ చేయడానికి లేదు. మన హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఐఎస్ఎల్ కప్ తెచ్చిపెట్టిన మనిషి, కుర్రాళ్ళతో అందంగా ఆడించిన మనిషి. అదే మనిషి జాతీయ జట్టుతో ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటి. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చాడు. పదమూడేళ్ళ తర్వాత మన దేశపు కోచ్. మొదట తజికిస్తాన్‌ని వాళ్ళ గడ్డ మీదే ఓడించాం, మధ్య ఆసియా టోర్నమెంట్‌లో ఒమన్‌ని పెనాల్టీల్లో దాటి మూడో స్థానం తెచ్చుకున్నాం. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1–2, ఆసియా కప్ ఆశ పోయింది. నవంబర్‌లో ఢాకా. క్వాలిఫయర్స్‌లో మొదటి అయిదు మ్యాచ్‌ల్లో మనం కొట్టింది రెండే గోల్స్.

ముగ్గురు కోచ్‌లు, మూడు రకాల మనుషులు. చివరికి ఆట మాత్రం ఒకటే. మరి తప్పు ముగ్గురిదేనా?

జాతీయ కోచ్ చేతిలో కుర్రాళ్ళు ఏడాదికి కొన్ని వారాలు ఉంటారేమో. ఆ కొన్ని రోజుల్లో ప్రెస్సింగ్ నేర్పలేడు. పదేళ్ళ వయసులో నేర్వాల్సింది అది. నేర్చుకున్నవాళ్ళని ఏరుకుని, అతుకు వేసి ఆడించడమే జాతీయ కోచ్ పని. ఇక క్లబ్బుల సంగతి. ఐఎస్ఎల్ 2014లో మొదలైంది. దాని వల్ల గ్రౌండ్లు బాగుపడ్డాయి, ఫిట్‌నెస్ పెరిగింది, మా లాంటివాళ్ళం టీవీలో చూసి ఈ ఆట పిచ్చిలో పడ్డాం. కాదనను. కానీ ప్రతి క్లబ్బూ గోల్ కొట్టే పనికి విదేశీ స్ట్రైకర్‌ని తెచ్చుకుంటుంది, ఆట నడిపే మధ్య స్థానానికి ఇంకో విదేశీయుణ్ణి, వెనక గట్టిగా నిలబడటానికి మరొకణ్ణి. అంటే మెదడు, వెన్నెముక, కత్తి మూడూ కిరాయివి. మనవాళ్ళకి దొరికేది అంచుల్లో ఉరికే పని. జాతీయ జట్టుకి వచ్చేసరికి ఉరికేవాళ్ళు తొమ్మిది మంది ఉంటారు. కొట్టేవాడెవడు?

క్లబ్ యజమానుల్ని తిట్టడం సులువే, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. కానీ ఆ క్లబ్బులైనా ఉన్నాయా? కప్పు గెలిచిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ డబ్బుల్లేక కుదేలై, చివరికి ఢిల్లీకి పోయి పేరు కూడా మార్చుకుంది. నా పసుపు రంగు జెర్సీ ఇప్పుడు ఏ ఊరిదో నాకే తెలియదు. 2025–26 సీజన్‌లో లీగ్ నడిపే ఒప్పందమే ముగిసిపోయి, నెలలకొద్దీ ఆట జరగలేదు. 2026 జనవరి మొదట్లో ఛెత్రి, గుర్‌ప్రీత్ లాంటి ఆటగాళ్ళు వీడియో పెట్టి ఫిఫాకి మొరపెట్టుకున్నారు. పొట్టకూటి మాటది. ఆట మోడర్న్‌గా ఉందా అని అడగడానికి ముందు ఆట ఉందా అని అడుక్కునే రోజులు.

ఇప్పుడు మా బ్రాంచ్ టీమ్ గురించి.

పోయిన ఏడాది ఇంటర్ కాలేజీ టోర్నమెంట్. నేను సెంటర్ బ్యాక్. నెల రోజులు యూట్యూబ్ చూసి, వెనక నుంచి చిన్న పాస్‌లతో ఆడదామని మేమే తీర్మానించుకున్నాం. ఎనిమిదో నిమిషంలో కీపర్ నాకు పాస్ ఇచ్చాడు. వెనక చూసుకోలేదు. అవతలివాడు వచ్చి నా కాళ్ళ మధ్య నుంచి బంతి తీసుకుపోయి గోల్ కొట్టాడు. స్టాండ్స్‌లో మా సొంత సీనియర్లే ఈలలు. పీడీ సార్ లైన్ దగ్గర నిలబడి, "లేపురా! దిక్కుమాలిన వేషాలెందుకు, లేపు!" అని అరిచాడు. లేపాను. మిగిలిన మ్యాచ్ అంతా లేపాను. ఎన్నిసార్లు లేపానో, దాదాపు అన్నిసార్లూ బంతి వాళ్ళకే పోయింది. రెండో గోల్ కూడా నేను లేపిన బంతి వాళ్ళకి దొరికి తిరిగి వచ్చిందే. 0–2. బస్సులో అందరూ నా మొదటి తప్పు గురించే మాట్లాడారు. రెండో గోల్ గురించి ఒక్కడు కూడా నన్ను ఒక మాట అనలేదు.

దాని గురించి చాలా రోజులు ఆలోచించాను. చిన్న పాస్ పోతే ఆ తప్పుకి పేరుంటుంది, అది నా పేరు. లేపిన బంతి పోతే ఆ తప్పు గాలిలో కలిసిపోతుంది. గచ్చిబౌలిలో గుర్‌ప్రీత్‌ని తిట్టినవాళ్ళల్లో నేనూ ఉన్నాను, గొంతు పోయేలా తిట్టాను. ఆ తర్వాత మిగతా పదిమంది చేసిన ఆ దిక్కులేని లేపుళ్ళకి ఒక్కసారి కూడా ఈల వేయలేదు. పైగా బంతి ఎత్తుగా పోతే చప్పట్లు కూడా కొట్టినట్టు గుర్తు. ఆటగాళ్ళు మా మాట వింటారు కదా. వాళ్ళకి రేపు జట్టులో చోటు కావాలి, కోచ్‌కి రేపు ఉద్యోగం కావాలి. మా బాపు రెండేళ్ళు డ్రిప్ పెట్టకపోవడానికి కారణం కూడా ఇదే అనుకుంటా. పాత పద్ధతిలో పంట పోతే వాన మీదికి పోతుంది. కొత్త పద్ధతిలో పోతే ఊరంతా మనల్నే అంటుంది.

అయితే మా బాపుకి పక్క చేను కనిపించింది. మన ఫుట్‌బాల్‌కి పక్క చేను లేదా అంటే, బోలెడున్నాయి. ఉజ్బెకిస్తాన్ కుర్రాళ్ళ జట్ల మీద ఏళ్ళ తరబడి ఓపిక పట్టి 2026 ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది. జోర్డాన్ సాధించింది. కురసావ్ అనే దీవి సాధించింది, జనాభా సుమారు లక్షన్నర. మన నిజామాబాద్ టౌన్‌లో సగం! (కురసావ్ ఆటగాళ్ళు దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగి, అక్కడి అకాడమీల్లో నేర్చుకున్నవాళ్ళు. ఆ సంగతి దాచిపెట్టి పోలిక తెస్తే మోసం. బంగ్లాదేశ్ కూడా ఇంగ్లండ్‌లో పెరిగిన హంజా చౌధురీని తెచ్చుకుంది. మనకి ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి ఆ దారి ఇరుకు. కానీ గమనించండి, పాస్‌పోర్ట్ ఏదైనా వాళ్ళంతా ఎక్కడో చిన్నప్పుడు సరిగా నేర్చుకున్నవాళ్ళే.)

అంత దూరం కూడా అక్కర్లేదు. మా జిల్లా చాలు. గుగులోత్ సౌమ్య మా నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. 2025లో ఏఐఎఫ్ఎఫ్ ఆమెని ఆ సీజన్ ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచింది. అదే ఏడాది జూలై 5న మన అమ్మాయిల జట్టు థాయిలాండ్‌ని వాళ్ళ చియాంగ్ మాయ్‌లోనే 2–1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత తెచ్చుకుంది. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి అర్హత సాధించడం మన అమ్మాయిలకి అదే మొదటిసారి. సంగీతా బాస్ఫోర్ రెండు గోల్స్. మగవాళ్ళ జట్టుకి ఉన్న డబ్బులో, టీవీ సమయంలో వీళ్ళకి ఎంత దొరుకుతుందో అందరికీ తెలుసు. ఆ మ్యాచ్ మా హాస్టల్‌లో చూసింది ఇద్దరం. రెండోవాడు నా పోరు పడలేక కూర్చున్నాడు.

నాకు ఏం కావాలో చెప్తాను, పెద్ద పెద్ద విజన్ డాక్యుమెంట్లు వద్దు. మా అన్న లాంటివాడికి అండర్-17లో ఏడాదికి ఆరు కాకుండా ముప్పై మ్యాచ్‌లు కావాలి. జిల్లాలోనే, ఆర్మూర్, బోధన్, నిజామాబాద్ తిరిగితే చాలు, వారానికొకటి. ఆ వయసు మ్యాచ్‌ల్లో గెలుపోటములు పట్టించుకోని ఒక సార్ కావాలి. బంతి రాకముందే వెనక చూసుకోమని చెప్పే సార్. క్లబ్బుల్లో స్ట్రైకర్ స్థానంలో మనవాడు కొన్ని నిమిషాలైనా ఆడి తీరాలనే నియమం ఒకటి పెట్టి చూడాలి. మొదట్లో ఆట నాసిగా ఉంటుంది, చూసేవాళ్ళు తగ్గుతారు, తగ్గనీ. జాతీయ కోచ్ ఎవరైనా సరే నాలుగేళ్ళు వదిలేయాలి, ఓడినా సరే. ఆఖరిది రాయడమే నాకు కష్టంగా ఉంది. ఎందుకంటే ఢాకా రాత్రి ఖాలిద్ జమీల్‌ని తీసేయమని స్టేటస్ పెట్టిన వాళ్ళల్లో నేనొకణ్ణి.

సెలవుల చివరి రోజు కల్లంలో పసుపు ఆరబోసి ఉంది. మా అన్న కొడుకు, ఏడేళ్ళు, రెండు కుప్పల మధ్య ఉన్న సందులో బంతి ఆడుతున్నాడు. నేను మీదికి ఉరికితే బెదిరి బంతిని గట్టిగా తన్నాడు. అది పోయి గోళ కుప్పలో పడింది. మా నానమ్మ చీపురు పట్టుకుని లేచింది. మా అన్న బాయిలర్ కాడి నుంచి కేక వేశాడు: "లేపకురా! బాబాయికి దొరకకుంట పక్కకి జరుపు!" రెండోసారి వాడు జరిపాడు. నేను దాటిపోయాను, వాడు నవ్వుకుంటూ అవతలికి పోయాడు. నానమ్మ మాత్రం చీపురు దించలేదు.

"ఐఎస్ఎల్ ఎప్పుడురా మళ్ళ?" అని అడిగాడు అన్న నన్ను బస్సెక్కిస్తూ. ఫిబ్రవరి 14న మొదలుపెడతామన్నారని చెప్పాను. "లవర్స్ డే నాడా, ఇగ మీ రూమోళ్ళే చూడాలె" అన్నాడు.

వచ్చే నెల మాకు ఇంటర్ కాలేజీ టోర్నమెంట్ ఉంది. ఈసారి కూడా సెంటర్ బ్యాక్ నేనే. గోల్ కిక్ నా కాళ్ళ దగ్గరికే ఇవ్వమని మా కీపర్‌కి చెప్పాను. వాడు ఇంకా ఒప్పుకోలేదు.